పని లేకుండా పట్నం

మా బోధన్ దిక్కు పట్నం పోనివాళ్ళు అరుదు. పోయి పట్నం చూసొచ్చినవాళ్ళు కూడా అరుదే. దవాఖానాకు పోతారు. హాస్టల్లో పిల్లను దింపడానికి పోతారు. పెళ్ళిబట్టలకు పోతారు. దుబాయి పోయే కొడుకును శంషాబాద్‌లో విమానం ఎక్కించడానికి పోతారు. పని కాగానే జేబీఎస్ బస్టాండ్‌కు వచ్చి కండ్లపడ్డ మొదటి బస్సెక్కి తిరుగుముఖం పడతారు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ 175 కిలోమీటర్లు. బోధన్ నుంచయితే ఇంకో పాతిక కలుపుకోవాలి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం బువ్వ వేళకు అక్కడుండొచ్చు. అంత దగ్గర్లో నాలుగు వందల ఏళ్ళు దాటిన నగరం ఉంటే, మనకు తెలిసింది మాత్రం దవాఖానా వరండాలు, కోచింగ్ సెంటర్ల మెట్లు, బట్టల దుకాణాల పరుపులు. శని, ఆదివారాలు కలిసొచ్చి "పట్నం పోదామా" అని ఇంట్లో మాట పుట్టినప్పుడల్లా నా పట్టుదల ఒకటే. ఈసారి పని లేకుండా పోవాలి.

చెప్పినంత తేలిక కాదిది. పట్నం పోతున్నామన్న సంగతి ఇల్లు దాటి వాడకట్టులో పడిందంటే చాలు, ఒక్కొక్కరే వస్తారు. "ఎట్లాగూ పోతున్నరు గదా, మా పోరనికి ఈ బియ్యం మూట అందియ్యుండ్రి." "ఎట్లాగూ పోతున్నరు గదా, మా చెల్లె బిడ్డకు సంబంధం ఉందంట, ఇల్లు చూసి రాండ్రి." ఇంట్లోవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. "ఎట్లాగూ పోతున్నం గదా, నీ మోకాళ్ళు చూపెట్టుకుందాం." "ఎట్లాగూ పోతున్నం గదా, సర్టిఫికెట్ సంగతేందో కనుక్కుందాం." శుక్రవారం రాత్రికి చీటీ నిండిపోతుంది. అందులో చూడాల్సిన చోటు ఒక్కటీ ఉండదు. మంచి మనసుతో అడిగేవాళ్ళే అందరూ. కాదనడం మర్యాద కూడా కాదు. అయినా చూసుకోండి, ఈ "ఎట్లాగూ" కింద మన శని, ఆదివారాలు ఎన్ని నలిగిపోయాయో.

పనికే పట్నం పోవడం ఈనాటి అలవాటు కాదు. మా ప్రాంతానికీ హైదరాబాద్‌కూ ఉన్న సంబంధంలోనే దీని వేరుంది. మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దాని కింద 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు లేచింది. ఆ నీళ్ళను నమ్ముకుని 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని దానికి పేరు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి వర్ని చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. ఊరి పొద్దు సైరన్‌తో మొదలై సైరన్‌తో ముగిసేది. సీజన్ వచ్చిందంటే చెరుకు బండ్లు రాత్రంతా బారులు తీరేవి. మొలాసిస్ వాసన ఇంట్లో అన్నం దాకా వచ్చేది. ఆ జీవితంలో వారాంతం అనేది లేదు. చెరుకుకు ఆదివారం ఉండదు. కటింగ్ ఆర్డర్ ఎప్పుడొస్తుందో తెలియని రైతు ఇల్లు కదలడు. షిఫ్టులో ఉన్న కార్మికుడికి సీజన్ అయిపోయేదాకా సెలవు దొరకదు. ఇంతమందికి పట్నం అంటే ఒకటే, దరఖాస్తు పట్టుకుని పోయే చోటు. నిర్ణయాలన్నీ అక్కడ, చెమట ఇక్కడ. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయినప్పుడూ అంతే, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ నోటీసు అంటించి గేటు మూసినప్పుడూ అంతే. తెరిపించండని వినతిపత్రాలు పట్టుకుని మా వాళ్ళు పట్నం తొవ్వ పట్టారు. ఏ ఆఫీసు ముందు ఎంతసేపు నిలబడ్డామన్నదే గుర్తున్న మనిషికి, ఆ ఆఫీసు ఎదురుగా ఏ కట్టడం ఉందో గుర్తుండమంటే ఎట్లా?

సంతోషానికి పట్నం పోయే ఆచారం బొత్తిగా లేదనలేం. నుమాయిష్ ఉంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు ఈ గడ్డమీద తయారైన వస్తువులను జనానికి చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ప్రదర్శన అది. బోధన్‌లో ఫ్యాక్టరీ లేచిన కాలమే అదీను. తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. ఇప్పటికీ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. నిజామాబాద్ టౌన్‌లో దుకాణదారులు, టీచర్లు, గుమాస్తాలు సంక్రాంతి సెలవులకు పిల్లలను వెంటేసుకుని నుమాయిష్‌కు పోయేవారు. చెరుకు ఊళ్ళకు ఆ భాగ్యం అంతగా లేదు. నుమాయిష్ నడిచే నెలన్నరా ఇక్కడ క్రషింగ్ జోరు మీదుండే కాలం. జెయింట్ వీల్ సంగతి టౌన్ చుట్టాలు చెప్తుంటే చెరుకు ఊళ్ళ పిల్లలు వినేవాళ్ళు.

ఇప్పుడు చెరుకు చాలావరకు పోయింది. ఆ పొలాల్లో వరి, మక్క, సోయా వచ్చాయి. ఫ్యాక్టరీ పిల్లలు పట్నంలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. కాలం మారినా పట్నం ముందు చేతులు కట్టుకుని నిలబడే అలవాటు మాత్రం మారలేదు. నాకు అక్కడే అభ్యంతరం. హైదరాబాద్‌లో మనం చుట్టాలం కాము. మంజీర నీళ్ళు 1965 నుంచీ ఆ నగరానికి పోతున్నాయి. 1989లో ఎగువన సింగూరు జలాశయం కట్టాక ఇంకా ఎక్కువ పోయాయి. ఎగువన నీళ్ళు ఆగితే దిగువన నిజాంసాగర్ కాలువ చివరి భూములు ఎండడం మా రైతులకు కొత్త కాదు. నగరానికి తాగునీళ్ళు వద్దని ఎవరూ అనరు, దాహం దాహమే. నేను చెప్పేదల్లా, ఆ నగరం కుళాయిల్లో మన ఏరు కూడా పారింది కనుక అక్కడి వీధుల్లో తలెత్తుకుని, తీరుబడిగా నడిచే హక్కు మనకుందని. హక్కును వాడుకోవాలంటే ఒక్క రోజన్నా చేతిలో కాయితం లేకుండా నడవాలి.

ఈ ప్రయాణం చీటీ రాసేటప్పుడు ముందు ఎవరిని అడగాలన్నది ఇంకో సంగతి. మామూలుగా ఎవరినీ అడగం. మగవాళ్ళు బస్సు చూస్తారు, పిల్లలు ఫోన్లో చోట్లు చూస్తారు, అమ్మ సద్ది కడుతుంది. మా అమ్మ పట్నం బాగా తిరిగిన మనిషి కిందే లెక్క. నాయిన జబ్బు పడ్డ కాలంలో దవాఖానా బెంచీల మీద ఆమె గడపని ఋతువు లేదు. రిపోర్టులు ఏ కిటికీ దగ్గరిస్తారో, మందుల దుకాణం ఎన్నింటికి మూస్తారో ఇప్పటికీ చెప్తుంది. కానీ ఛార్మినార్‌ను ఆమె చూసింది ఆటోలోంచే. మొన్న మాట మొదలైనప్పుడు ఆమెనే ముందు అడిగాను.

"ఏం చూడాలనుందమ్మా నీకు?"

ఆలోచించి చెప్పింది. "ఏదన్న చూపెట్టు. కని ఎవలింటికి పోవద్దు బిడ్డా. పోతె మల్ల ఆడ గూడ పొయ్యి కాడనే గదా."

ఆ మాట నిజం. మన ఆడవాళ్ళకు చుట్టాలింటికి పోవడమంటే ఒక వంటిల్లు వదిలి ఇంకో వంటింట్లోకి పోవడమే. పట్నం ఇళ్ళు చిన్నవి, శనివారం నలుగురు దిగితే ఆ ఇంటి ఇల్లాలికీ సెలవు పోయినట్టే. ఈమె కూర్చోలేదు, ఆమె కూర్చోనివ్వలేదు. ఇద్దరూ కలిసి పొద్దంతా రొట్టెలు చేస్తారు. మగవాళ్ళు టీవీ ముందు రాజకీయాలు మాట్లాడతారు. సాయంత్రం ట్యాంక్‌బండ్ పోదామని లేస్తే వాన పడుతుంది, లేదంటే ట్రాఫిక్ అంటారు. ఆదివారం పొద్దున మళ్ళీ పూరీలు. అట్లా ఎన్నో "పట్నం ప్రయాణాలు" కొంపల్లిలోనో సుచిత్రలోనో అల్వాల్‌లోనో ఏదో అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ముగిసిపోయాయి. మనవాళ్ళు మన రోడ్డు నగరంలోకి దిగే ఆ ఉత్తరం దిక్కే ఎక్కువగా ఇళ్ళు చేసుకున్నారు. ఊరి గాలి తగిలే చోటు వెతుక్కున్నారేమో. వాళ్ళింట్లో దిగొద్దనడం వాళ్ళ మీద ప్రేమ లేక కాదు. పసుపు, మక్కపేలాలు, సకినాల డబ్బా తీసుకుని ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చే తొవ్వలో ఆ ఇంటికి పోవచ్చు. రాత్రి మాత్రం సికింద్రాబాద్‌లోనో కాచిగూడలోనో శుభ్రమైన లాడ్జిలో ఉండాలన్నది నా మాట. "పట్నమొచ్చి మా ఇంట్లో పండలేదా" అని నిష్ఠూరమాడతారు. ఆడనివ్వండి. అమ్మ పెట్టిన షరతు అంతకన్నా పెద్దది.

ఆడవాళ్ళ విషయంలో ఈమధ్య వచ్చిన పెద్ద మార్పు బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. ఆధార్ చూపెడితే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. దీని మీద తగువులు నాకు తెలుసు. సీట్లు దొరకవని, బస్సులు చాలవని. అవి తీర్చాల్సిన లోపాలే. కానీ ఒక్కటి గమనించాను. ఇదివరకు మా వాడకట్టులో పట్నం ప్రయాణం చర్చంతా మగవాళ్ళ జేబు దగ్గర మొదలై అక్కడే ఆగేది. ఇంట్లో నలుగురుంటే నాలుగు టికెట్లు, పోను రాను ఎనిమిది. ఆ లెక్క తేలేసరికి అమ్మలు, అత్తమ్మలు వాళ్ళంతట వాళ్ళే "నేనెందుకులే, ఇల్లు చూసుకుంట" అని తప్పుకునేవారు. ఇప్పుడు ఆ మాట అనాల్సిన అవసరం పోయింది. బోధన్ బస్టాండ్‌లో తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్ కోసం గుంపుగా నిలబడ్డ ఆడవాళ్ళను చూస్తే, పక్కన మగ తోడు లేకుండా, చేతిలో ఫైలు లేకుండా, నాకెంతో సంబరమనిపిస్తుంది. సూపర్ లగ్జరీ కన్నా గంట ఆలస్యమైనా ఎక్స్‌ప్రెస్‌కే నా ఓటు. కామారెడ్డిలో ఆగినప్పుడు దిగి చాయ్ తాగొచ్చు. రామాయంపేట, తూప్రాన్, మేడ్చల్ ఒక్కొక్కటే దాటుతుంటే పట్నం దగ్గరపడుతున్న సంగతి ఒంటికి తెలుస్తుంది.

రైలు ఇష్టమైనవాళ్ళకు రైలుంది. దేవగిరి, అజంతా ఎక్స్‌ప్రెస్‌లు నిజామాబాద్ మీదుగానే పోతాయి. మీటర్ గేజ్ రోజుల్లో ఈ లైన్ మీద ప్రయాణం ఎంత సాగేదో పెద్దలనడగండి, చెప్పడానికి వాళ్ళకూ అంత సేపు పడుతుంది. బండి కాచిగూడ పోయేదైతే దిగగానే పరుగెత్తకండి. 1916లో కట్టిన ఆ స్టేషన్ గుమ్మటాలను బయటికొచ్చి వెనక్కి తిరిగి ఒకసారి చూడండి. ఉస్మానియా దవాఖానా, హైకోర్టు గీసిన విన్సెంట్ ఎష్ చేతిదే అదీ. కూలీలు, ఆటోలు, సామాన్ల మధ్య దాన్ని చూసే తీరిక ఎవరికీ దొరకదు. నగరం చూడటం స్టేషన్‌తోనే మొదలవుతుంది.

బస్సులో పోయేవాళ్ళకు నేను చెప్పే దారి మెట్రో. జేబీఎస్‌లో దిగి మెట్లెక్కితే ఎంజీబీఎస్ దాకా పదకొండు కిలోమీటర్లు, తొమ్మిది స్టేషన్లు. 2020 ఫిబ్రవరిలో ఈ లైన్ మొదలైంది. దీని మీద పోతుంటే నా గుండెలో ఏదో కదులుతుంది. ఎందుకంటే ఆ స్టేషన్ల పేర్లన్నీ మన పనుల పేర్లే. గాంధీ హాస్పిటల్ వస్తుంది. మన జిల్లా నుంచి అంబులెన్సుల్లో ఎందరు అక్కడికి వచ్చారో, ఎందరు ఆ గేటు ముందు టవల్ పరుచుకుని పడుకున్నారో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వస్తుంది, చిక్కడపల్లి వస్తుంది. కిందనే అశోక్‌నగర్ కోచింగ్ గల్లీలు, సిటీ సెంట్రల్ లైబ్రరీ. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఏళ్ళకేళ్ళు అక్కడ చదువుకునే పిల్లల్లో బాన్సువాడ, ఆర్మూర్, కోటగిరి పిల్లలు ఎప్పుడూ ఉంటారు. వాళ్ళ అద్దె గదులకు బియ్యం మోసిన నాయినలు ఇక్కడే దిగుతారు. సుల్తాన్ బజార్ వస్తుంది, పెళ్ళి చీరల మూటలు ఎక్కుతాయి. ప్రతి స్టేషన్‌లో తలుపులు తెరుచుకుంటాయి. ప్రతిచోటా దిగాల్సిన పని ఒకటి గుర్తొస్తుంది. ఎక్కడా దిగకుండా చివరి దాకా కూర్చోవడమే ఆ రోజు చేయాల్సింది. అమ్మ కిటికీ పక్కన కూర్చుని గాంధీ దవాఖానాను పైనుంచి చూసి, "ఇంత పెద్దగుంటదా ఇది" అంది. నేలమీద ఉన్నన్నాళ్ళూ ఆమె దాని వరండానే చూసింది.

ఎంజీబీఎస్ దగ్గర దిగితే మూసీ. నీళ్ళు చూసి ముక్కు మూసుకుంటాం, ఆ బాధ నిజమే. అయినా వంతెన మీద కాసేపు నిలబడాలి. 1908 సెప్టెంబర్ 28న ఈ నది పొంగి నగరాన్ని ముంచింది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. ఆ వరదతో కళ్ళు తెరిచిన ప్రభుత్వం 1920కల్లా ఉస్మాన్‌సాగర్, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ కట్టింది. ఆ జలాశయాల వరసలోనే మన మంజీర మీద నిజాంసాగర్ వచ్చింది. అక్కడ నిలబడి ఈ సంగతి పిల్లలకు చెప్తే, తమ ఊరి కాలువకూ ఈ మురికి నదికీ ఉన్న చుట్టరికం వాళ్ళకు అర్థమవుతుంది. పుస్తకంలో చదివితే ఇట్లా పట్టుబడదు.

నది దాటితే సాలార్‌జంగ్ మ్యూజియం. లోపల చూడాల్సింది రెండు రోజులకు సరిపడా ఉంది, అన్నీ చూడాలని పరుగెత్తొద్దు. గడియారం ముందు కూర్చోండి. గంటకు మూడు నిమిషాల ముందు లోపలి నుంచి ఒక గడ్డం బొమ్మ బయటికొచ్చి, సరిగ్గా వేళకు గంట కొట్టి లోపలికి పోతుంది. పక్కన కమ్మరి బొమ్మ క్షణం క్షణం సమ్మెట వేస్తూనే ఉంటుంది. జనం పావుగంట ముందు నుంచే వచ్చి బెంచీల మీద సర్దుకుంటారు. మధ్యాహ్నం పన్నెండు గంటలకైతే పన్నెండు దెబ్బలు, అందుకని ఆ వేళకు ఎక్కువమంది. అమ్మ చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. కూర్చునే తీరు దవాఖానాలో కూర్చున్న తీరే. చేతిలో మాత్రం ఏ కాయితమూ లేదు. ఎవరూ పేరు పెట్టి పిలవరు, టోకెన్ లేదు. బొమ్మ బయటికి రాగానే ఆమె పక్కనున్న ఎవరో తెలియని పిల్ల చేయి పట్టుకుని "అగో అగో" అని చూపించింది. ఆ తర్వాత చౌమహల్లా పోవాలా, లాడ్‌బజార్ పోవాలా అన్నది ఆమెనే తేల్చింది. ఆ దినం ఆమెను ఎవరూ ఎక్కడికీ తీసుకుపోలేదు, ఆమె వెంటే మేం నడిచాం.

పిల్లల చీటీ వేరే ఉంటుంది. దుర్గం చెరువు తీగల వంతెన, మాల్, హైటెక్ సిటీ లైట్లు. వాళ్ళకు శనివారం సాయంత్రం ఇచ్చేయండి, పేచీ వద్దు. మెట్రో రాయదుర్గం దాకా ఉంది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. చదివే అలవాటున్న ఇంట్లో ఒకరికి ఆ రెండు గంటలు దక్కాలి. ఒకే రోజు గోల్కొండ, జూపార్కు, ఛార్మినార్, బిర్లా మందిర్ అని రాసుకునే చీటీ ఎవరిదైనా నేను చింపేస్తాను. ఆటోల్లో అలిసిపోయి వచ్చిన మనిషికి ఏ కట్టడమూ గుర్తుండదు. ఒక దిక్కు, ఒక పూట, రెండు చోట్లు. మిగతావి ఇంకోసారి. రెండు వందల కిలోమీటర్లే కదా, నగరం ఎక్కడికీ పోదు.

దవాఖానా పనులు ఆగవు, కోచింగ్ ఫీజులు ఆగవు, అవి ఉంటే పోవాల్సిందే. వాటికి సోమవారం నుంచి శుక్రవారం దాకా అయిదు రోజులున్నాయి. నాట్లు అయిపోయి కలుపు మొదలుకాకముందు ఒక వారం తీరిక దొరుకుతుంది, కోతలయ్యాక ఇంకోసారి దొరుకుతుంది. అప్పుడు వచ్చే శని, ఆదివారాలను చుట్టాలకూ పొరుగువాళ్ళకూ తెలియనివ్వకుండా దాచిపెట్టుకోండి. చీటీ రాయడానికి కూర్చున్నప్పుడు ఇంట్లో ఎప్పుడూ ఏమీ అడగని మనిషిని మొదట అడగండి. మీ అమ్మనో, అత్తమ్మనో, పెద్దమ్మనో. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం సెలవు. శని, ఆదివారాలు రెండూ తెరిచే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ ఎక్కేముందు ఆమె ఆధార్ కార్డు సంచిలో ఉందో లేదో చూసుకోండి.